స్ప్రింగు ఎందుకు వెనక్కి వస్తుంది?

ఉక్కు, రబ్బరు: ఈ రెండింటిలో దేనికి స్థితిస్థాపకత ఎక్కువ? భౌతికశాస్త్రం చదివిన వాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఎదురైన ప్రశ్నే ఇది. రబ్బరు అంటే తప్పు, ఉక్కు అంటే ఒప్పు. ఒకే మందం ఉన్న రెండింటినీ ఒకే బలంతో లాగితే ఉక్కు చాలా తక్కువ సాగుతుంది, అంటే సాగదీయడాన్ని ఎక్కువగా ఎదిరిస్తుంది, కాబట్టి ఉక్కుకే ఎక్కువ అని వివరణ. మార్కులు వచ్చేస్తాయి. కానీ ఈ జవాబు సగమే చెబుతుంది, పైగా మూడు వేర్వేరు గుణాలను ఒకే మూటలో కట్టేస్తుంది.

సాగదీయడాన్ని ఎదిరించడం ఒక గుణం. దాన్ని బిగువు అందాం. ఎంత దూరం సాగినా మళ్లీ మొదటి రూపానికి రాగలగడం ఇంకో గుణం. తెగకుండా, విరగకుండా ఎంత భారం తట్టుకోగలదన్నది మూడోది. ఈ మూడూ కలిసి ఉండాలన్న నియమం లేదు. గాజు బిగువులో దాదాపు అల్యూమినియంతో సమానం. బిగువును కొలిచే యంగ్ గుణకం అనే సంఖ్య రెండింటికీ 70 గిగా పాస్కల్స్ దగ్గరే ఉంటుంది. విరిగే క్షణం దాకా గాజు బుద్ధిగా వెనక్కి వస్తూనే ఉంటుంది, ఒంగిపోయి అలాగే ఉండిపోవడం దానికి తెలియదు. అయినా చిన్న దెబ్బకు పగులుతుంది. మెత్తబరిచిన రాగి తీగ గాజు కన్నా బిగువైనది, కానీ వేళ్లతో వంచితే వంగినట్టే ఉండిపోతుంది. రబ్బరుకు బిగువు ఉక్కులో వెయ్యో వంతు కూడా ఉండదు, కానీ తన పొడవుకు ఐదారు రెట్లు సాగి కూడా తిరిగి వస్తుంది. స్ప్రింగులు చేసేవాళ్లకు ఈ మూడింటినీ విడదీసి చూడటమే అసలు పని.

సరళరేఖ ఎక్కడి నుంచి వచ్చింది

సాగే వస్తువుల మీద మొదటి స్పష్టమైన సూత్రం రాబర్ట్ హుక్‌ది. 1660 నాటికే దాన్ని కనిపెట్టానని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. కానీ వెంటనే బయటపెట్టలేదు. 1676లో ఆ సూత్రాన్ని లాటిన్ వాక్యంగా రాసి, అందులోని అక్షరాలన్నీ విడగొట్టి, వరుస మార్చి అచ్చువేయించాడు. ఎవరికీ అర్థం కాదు, కానీ ముందుగా కనిపెట్టింది తానేనన్న సాక్ష్యం మాత్రం నిలుస్తుంది. రెండేళ్ల తర్వాత 1678లో ముడి విప్పాడు: సాగుదల ఎంతో బలం అంత. అవి గడియారాల్లో స్ప్రింగులు వాడటం గురించి గట్టి పోటీ నడుస్తున్న రోజులు కాబట్టి ఆ జాగ్రత్తను అర్థం చేసుకోవచ్చు.

ఇప్పటి భాషలో చెప్పాలంటే, స్ప్రింగును సాగదీయడానికి కావలసిన బలం = స్ప్రింగు స్థిరాంకం × పొడవులో వచ్చిన మార్పు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది స్ప్రింగు మొత్తం పొడవు కాదు, సహజమైన పొడవు నుంచి అది ఎంత మారిందన్నది మాత్రమే. 20 సెంటీమీటర్ల స్ప్రింగు 25 సెంటీమీటర్లు అయితే లెక్కకు తీసుకోవాల్సింది 5 సెంటీమీటర్లే. స్ప్రింగు తిరిగి లాగే బలం ఎప్పుడూ మనం కదిపిన దిశకు ఎదురుగా ఉంటుంది. స్థిరాంకం 200 న్యూటన్లు ప్రతి మీటరుకు అయితే, ఆ 5 సెంటీమీటర్లకు 10 న్యూటన్లు కావాలి. అంటే దాదాపు ఒక కిలో బరువు.

సూత్రం ఇంత సులువుగా ఉండటం చూస్తే ప్రకృతి స్ప్రింగుల కోసం ప్రత్యేకంగా ఒక చట్టం రాసిందేమో అనిపిస్తుంది. అలాంటిదేమీ లేదు. ఘనపదార్థంలో రెండు పక్కపక్క అణువులు ఒక నిర్దిష్ట దూరంలో స్థిరంగా ఉంటాయి. దగ్గరకు నొక్కితే వికర్షణ పెరుగుతుంది, దూరం లాగితే ఆకర్షణ వెనక్కి లాగుతుంది. వాటి మధ్య శక్తిని దూరంతో పాటు గీస్తే ఒక గుంట కనిపిస్తుంది, గుంట అడుగునే అణువుల విశ్రాంతి స్థానం. నునుపైన ఏ గిన్నె అడుగునైనా బాగా దగ్గర నుంచి చూస్తే, గిన్నె ఆకారం ఏదైనా సరే, ఆ కొద్ది భాగం పరావలయంలాగే కనిపిస్తుంది. శక్తి పరావలయం అయితే బలం సరళరేఖ అవుతుంది. హుక్ సూత్రానికి మూలం ఇదే. విశ్రాంతి స్థానం నుంచి కొద్దిగా జరిగినప్పుడు దాదాపు ఏ వ్యవస్థ అయినా ఇలాగే ప్రవర్తిస్తుంది కాబట్టే, ఈ లెక్క స్ప్రింగుల నుంచి వంతెనల దాకా, అణువుల కంపనాల దాకా పనికొస్తోంది.

ఆ గుంట రెండు వైపులా ఒకేలా ఉండదన్న మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. దగ్గరకు నొక్కే వైపు గోడ నిటారుగా, దూరం లాగే వైపు ఏటవాలుగా ఉంటుంది. దూరం పెరిగేకొద్దీ సరళరేఖ చెదిరిపోవడానికి, వేడికి వస్తువులు వ్యాకోచించడానికి కూడా ఆ ఏటవాలే కారణం. సాగడం, వేడికి పెరగడం సంబంధం లేని రెండు పాఠాలుగా చదువుతాం గానీ రెండింటి వేరు ఒకటే.

తీగ సాగేది ఎంత?

స్ప్రింగు స్థిరాంకం ఆ ఒక్క స్ప్రింగుకు సంబంధించిన సంఖ్య. లావు తీగైతే ఒకటి, సన్నదైతే ఇంకొకటి. పదార్థం గురించి మాట్లాడాలంటే ఆకారాన్ని లెక్కలోంచి తీసేయాలి. బలాన్ని అడ్డుకోత వైశాల్యంతో భాగిస్తే ప్రతిబలం వస్తుంది, పొడవులో మార్పును అసలు పొడవుతో భాగిస్తే వికృతి వస్తుంది. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే యంగ్ గుణకం. 1807లో థామస్ యంగ్ వివరించడం వల్ల ఆయన పేరు నిలిచింది గానీ, ఆ ఆలోచన అంతకు ముందే గణితవేత్త ఆయిలర్ రాతల్లో కనిపిస్తుంది. ఉక్కుకు ఇది సుమారు 200 గిగా పాస్కల్స్. రాగికి 110 నుంచి 130. వజ్రానికి వెయ్యి దాటుతుంది. రబ్బరుకు రకాన్ని బట్టి ఒకటి నుంచి కొన్ని పదుల మెగా పాస్కల్స్, అంటే గిగా పాస్కల్‌లో చిన్న భాగం మాత్రమే.

ఈ అంకెలు చేతికి అందాలంటే ఒక లెక్క చేయాలి. ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత ఉన్న ఉక్కు తీగకు 10 కిలోలు వేలాడదీస్తే అది దాదాపు అర మిల్లీమీటరు సాగుతుంది. అంతే. కంటికి ఆనడం కష్టం. మామూలు మెత్తని ఉక్కు 250 మెగా పాస్కల్స్ దగ్గర లొంగిపోతుంది, అంటే ఆ మీటరు తీగ 1.25 మిల్లీమీటర్లు సాగే సరికే తిరిగి రాలేని దశకు చేరుతుంది. మరి ఇంత కొద్దిగా సాగే లోహంతో చేసిన స్ప్రింగు బెత్తెడు దూరం ఎలా సాగుతోంది?

చుట్ట చేసే పని

చుట్టల స్ప్రింగును లాగితే తీగ సాగదు, మెలి తిరుగుతుంది. స్ప్రింగుల విషయంలో ఇంత ఆసక్తికరమైన సంగతి మరొకటి లేదు. స్ప్రింగు కొసను కిందికి లాగినప్పుడు ఆ బలం చుట్ట మధ్య గీత వెంట పనిచేస్తుంది, తీగ మాత్రం ఆ గీతకు దూరంగా, చుట్టూ తిరుగుతూ ఉంటుంది. దాంతో తీగలోని ప్రతి ముక్క మీదా మెలిపెట్టే ప్రభావం పడుతుంది. ప్రతి ముక్కా చాలా కొద్దిగా మెలి తిరుగుతుంది, ఆ చిన్న మెలికలన్నీ చుట్ట వ్యాసార్థం అనే మీట చివర కదలికగా పెరిగి, అన్ని చుట్టల్లోనూ కూడుకుని కొస దగ్గర పెద్ద సాగుదలగా బయటపడతాయి.

అందుకే స్ప్రింగు స్థిరాంకంలో యంగ్ గుణకం రాదు, మెలిపెట్టడానికి సంబంధించిన దృఢతా గుణకం వస్తుంది. ఉక్కుకు అది 80 గిగా పాస్కల్స్ దగ్గర ఉంటుంది. సూత్రం ఇలా ఉంటుంది: దృఢతా గుణకాన్ని తీగ వ్యాసం నాలుగో ఘాతంతో గుణించాలి, చుట్ట వ్యాసం ఘనాన్ని చుట్టల సంఖ్యతోనూ 8తోనూ గుణించి, ఆ వచ్చిన దానితో భాగించాలి. తీగ వ్యాసం 2 మిల్లీమీటర్లు, చుట్ట వ్యాసం 20 మిల్లీమీటర్లు, 10 చుట్టలు అనుకుందాం. స్థిరాంకం సరిగ్గా 2,000 న్యూటన్లు ప్రతి మీటరుకు వస్తుంది. 2 సెంటీమీటర్లు సాగదీయాలంటే 40 న్యూటన్లు, అంటే 4 కిలోల బరువు చాలు.

ఇప్పుడు ఆ తీగనే చుట్టలు విప్పి నిటారుగా చేస్తే దాని పొడవు సుమారు 63 సెంటీమీటర్లు. అదే 40 న్యూటన్లతో నేరుగా లాగితే ఎంత సాగుతుంది? 0.04 మిల్లీమీటర్లు. అదే లోహం, అదే పొడవు, అదే బలం. చుట్టినందుకు సాగుదల 500 రెట్లు. బిగువైన పదార్థంతో మెత్తని వస్తువు చేయడం అంటే ఇదే.

నాలుగో ఘాతం, మూడో ఘాతం అన్న మాటలను తేలిగ్గా తీసుకోకూడదు. పై స్ప్రింగులో తీగ వ్యాసం సగం చేస్తే స్థిరాంకం పదహారో వంతుకు, అంటే 125కి పడిపోతుంది. చుట్ట వ్యాసం రెట్టింపు చేస్తే ఎనిమిదో వంతు అవుతుంది. తీగ మందంలో నూటికి 5 వంతుల తేడా వస్తే చాలు, స్ప్రింగు బిగువులో 20 వంతులకు పైగా తేడా వస్తుంది. చూపుకు ఒకేలా ఉన్న రెండు స్ప్రింగులు చేతికి వేరుగా తగలడానికి చాలాసార్లు ఇదే కారణం. చుట్టల సంఖ్య ప్రభావం మాత్రం సాదాసీదా: స్ప్రింగును సగానికి కోస్తే ఒక్కో ముక్క బిగువు రెట్టింపు అవుతుంది. స్ప్రింగు చిన్నదైతే మెత్తబడుతుందని అనుకునేవాళ్లు ఎక్కువ, కానీ జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. ఒకే బలం ఇప్పుడు సగం చుట్టలనే మెలిపెడుతోంది కాబట్టి సాగుదల సగమే.

గట్టిపరిస్తే మారేది ఏది

స్ప్రింగు ఉక్కును బాగా కాల్చి, నూనెలో ముంచి గబుక్కున చల్లార్చి, మళ్లీ ఒక మోస్తరు వేడి చేస్తారు. ఈ పనితో స్ప్రింగు ఇంకా బిగువుగా తయారవుతుందని సాధారణంగా అనుకుంటారు. కాదు. యంగ్ గుణకం, దృఢతా గుణకం రెండూ దాదాపు కదలవు. బిగువు అణువుల మధ్య బంధాల నుంచి వస్తుంది, కాల్చి చల్లార్చినంత మాత్రాన ఆ బంధాలు మారవు. మారేది తిరిగి రాగలిగే హద్దు. లోహం శాశ్వతంగా రూపు మారడం అంటే స్ఫటికాల్లోని లోపరేఖలు, అంటే అణువుల వరుస తప్పిన గీతలు, జారడం. వేడి చికిత్స ఆ జారుడుకు అడ్డంకులు పెడుతుంది. మెత్తని ఉక్కు 250 మెగా పాస్కల్స్ దగ్గర లొంగితే, మంచి స్ప్రింగు తీగ 1,500 దాకా కూడా లొంగదు. ఇందాకటి మీటరు తీగ 1.25 మిల్లీమీటర్లకు బదులు 7.5 మిల్లీమీటర్లు సాగి వెనక్కి రాగలదు. బలానికీ సాగుదలకూ మధ్య గీసిన రేఖ వాలు అదే, రేఖ మాత్రం ఆరు రెట్లు పైకి పోతుంది.

ఆ హద్దు దాటితే ఏమవుతుందో పాత పెన్నులోంచి తీసిన స్ప్రింగును బలంగా లాగి చూసిన వాళ్లందరికీ తెలుసు. పొడవుగా అయిపోయి అలాగే ఉంటుంది. అయితే తయారీలో ఇదే హద్దును కావాలని దాటిస్తారు. నొక్కుడు స్ప్రింగును చుట్టలన్నీ ఒకదానికొకటి తగిలేదాకా ముందే గట్టిగా నొక్కేస్తారు. అది కొంచెం పొట్టిదవుతుంది, కానీ తీగ పైపొరలో ఎదురు దిశలో ప్రతిబలం మిగిలిపోతుంది. ఆ తర్వాత వాడకంలో వచ్చే భారానికి ఆ మిగులు విరుగుడుగా పనిచేస్తుంది. ఒకసారి దెబ్బ తినిపించి తర్వాతి దెబ్బలకు సిద్ధం చేయడం ఎంతో తెలివైన పద్ధతి.

దాచుకున్న శక్తి

సాగిన స్ప్రింగులో ఉన్న శక్తి = సగం × స్థిరాంకం × సాగుదల వర్గం. ఆ సగం ఎందుకంటే, బలం మొదటి నుంచీ పూర్తిగా ఉండదు, సున్నా నుంచి నెమ్మదిగా పెరుగుతుంది, కాబట్టి లెక్కకు సగటు తీసుకోవాలి. ఇది చూడటానికి చిన్న విషయమే గానీ దీని ఫలితం పెద్దది. ఒక బరువును స్ప్రింగు మీద మెల్లగా దింపితే అది కొంత దూరం కుంగి ఆగుతుంది. అదే బరువును స్ప్రింగుకు తాకించి ఉంచి ఒక్కసారిగా వదిలేస్తే, ఎత్తు నుంచి పడేయకపోయినా, రెట్టింపు దూరం కుంగుతుంది. తీగలో పుట్టే ప్రతిబలమూ రెట్టింపే. నిలకడ బరువుకు సరిపోయిన స్ప్రింగు కుదుపులకు విరిగిపోవడం వెనుక తరచూ ఈ లెక్కే ఉంటుంది.

పదార్థం వైపు నుంచి చూస్తే ఇంకో ఆశ్చర్యం ఉంది. నేరుగా లాగినప్పుడు ఒక ఘనపు మీటరు పదార్థంలో దాచగలిగే శక్తి, అది లొంగకుండా తట్టుకునే ప్రతిబలం వర్గాన్ని యంగ్ గుణకానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. గుణకం హారంలో ఉంది. అంటే తట్టుకునే శక్తి సమానంగా ఉన్నప్పుడు తక్కువ బిగువు ఉన్న పదార్థమే మంచి స్ప్రింగు. 1,000 మెగా పాస్కల్స్ దాకా లాగిన ఉక్కు కిలోకు సుమారు 320 జౌళ్లు దాస్తుంది. బాగా సాగిన రబ్బరు కిలోకు కొన్ని వేల జౌళ్లు దాస్తుంది. కొన్ని వాహనాల్లో ఉక్కు పట్టీ స్ప్రింగుల బదులు గాజుపోగుల మిశ్రమంతో చేసిన పట్టీలు రావడానికి కారణం కూడా ఇదే: బిగువు తక్కువ, బరువు తక్కువ, కానీ తట్టుకునే శక్తి ఎక్కువ. ఉక్కే గొప్ప అన్న ఆ పరీక్ష జవాబు ఈ లెక్క ముందు నిలవదు.

దాచిన శక్తి బరువుతో కలిస్తే ఊగడం మొదలవుతుంది. ఒక ఊపుకు పట్టే సమయం బరువు ద్రవ్యరాశి మీద, స్థిరాంకం మీద ఆధారపడుతుంది గానీ ఎంత దూరం లాగి వదిలామన్న దాని మీద కాదు. ఎక్కువ దూరం లాగితే ప్రయాణం పెరుగుతుంది, వేగమూ అంతే పెరుగుతుంది. చేతి గడియారం సాధ్యమైంది ఈ గుణం వల్లే. 1675లో క్రిస్టియాన్ హైగెన్స్ సన్నని సర్పిలాకారపు స్ప్రింగుతో నడిచే గడియారాన్ని ప్రకటించాడు, హుక్ ఆ ఆలోచన తనదేనని వాదించాడు. కానీ ఒక చిక్కు మిగిలింది. వేడి పెరిగితే ఉక్కు బిగువు కొంచెం తగ్గుతుంది, స్ప్రింగు నెమ్మదిస్తుంది. మామూలు ఉక్కు స్ప్రింగు గడియారం ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు రోజుకు 10 సెకన్ల దాకా వెనకబడుతుంది. మామూలు ఉష్ణోగ్రతల్లో బిగువు దాదాపు మారని నికెల్ మిశ్రమలోహాన్ని షార్ల్ ఎడువార్ గియోమ్ తయారుచేశాక ఈ బెడద చాలావరకు తీరింది. నికెల్ ఉక్కుల మీద చేసిన పనికి ఆయనకు 1920లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

రబ్బరు సాగేది వేరే కారణానికి

ఇంతవరకూ చెప్పింది లోహాల కథ. అక్కడ బలం అణువుల మధ్య బంధాలు సాగడం వల్ల పుడుతుంది. రబ్బరులో ఆ బంధాలు పెద్దగా సాగవు. రబ్బరు అంటే వేల లంకెలున్న పొడవైన అణువుల గొలుసులు. ప్రతి గొలుసూ ఎటుపడితే అటు మెలికలు తిరిగి, వేడి వల్ల ఎప్పుడూ కదులుతూ ఉంటుంది. మెలికలుగా ఉండటానికి లెక్కలేనన్ని అమరికలు ఉన్నాయి, నిటారుగా ఉండటానికి అతి కొద్ది అమరికలే. లాగినప్పుడు గొలుసులను ఆ కొద్ది అమరికల్లోకి బలవంతంగా నెడుతున్నాం. వదలగానే వేడి కదలికలు వాటిని మళ్లీ మెలికల్లోకి తీసుకుపోతాయి. వెనక్కి లాగే బలం అంటే అదే. ఒక్క మాటలో ఎంట్రోపీ.

ఇది కేవలం ఊహ కాదని చేతితోనే తేల్చుకోవచ్చు. వెడల్పాటి రబ్బరు బ్యాండును గబుక్కున బాగా లాగి పెదవికి ఆనిస్తే వెచ్చగా తగులుతుంది. కాసేపు అలాగే పట్టుకుని ఒక్కసారిగా సడలిస్తే చల్లగా తగులుతుంది. 1805లో ఈ విషయాన్ని ప్రకటించిన జాన్ గఫ్‌కు చూపు లేదు. పెదవుల స్పర్శతోనే ఈ మార్పును పట్టుకున్నాడు. బరువు వేలాడదీసిన రబ్బరును వేడిచేస్తే అది సాగకుండా కుంచించుకుపోయి బరువును పైకి లాగుతుందని కూడా ఆయనే గమనించాడు. 1859లో జౌల్ కొలిచి నిర్ధారించాడు. లోహం వేడికి బిగువు కోల్పోతే, రబ్బరు వేడికి బిగుసుకుంటుంది. బయటికి రెండూ స్ప్రింగుల్లాగే కనిపిస్తాయి, లోపల జరిగేవి పూర్తిగా వేర్వేరు.

గొలుసులను అక్కడక్కడ ఒకదానికొకటి ముడి వేయకపోతే అవి ఒకదాని మీంచి ఒకటి జారిపోతాయి, వస్తువు సాగి అలాగే ఉండిపోతుంది. పచ్చి రబ్బరు ఎండకు జిగురుగా, చలికి పెళుసుగా అయిపోవడం పందొమ్మిదో శతాబ్దపు తయారీదారులకు పెద్ద తలనొప్పి. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకంతో కలిపి వేడిచేయడం ద్వారా దానికి విరుగుడు కనిపెట్టాడు, 1844లో పేటెంట్ వచ్చింది. గంధకం గొలుసుల మధ్య ముడులు వేస్తుంది. ముడులు కొద్దిగా ఉంటే మెత్తని బ్యాండు, బాగా ఎక్కువైతే గట్టి నల్లని ఎబొనైట్.

రబ్బరు రేఖ సరళరేఖ కాదు. మొదట కాస్త బిగువుగా, తర్వాత సులువుగా, చివర్లో గొలుసులు నిటారు కావడంతో ఒక్కసారిగా చాలా బిగువుగా మారుతుంది. హుక్ సూత్రం మొదటి కొద్ది భాగానికే వర్తిస్తుంది. ఘనపరిమాణం మాత్రం దాదాపు మారదు: పొడవు పెరిగినంత మేరా సన్నబడుతుంది. అందుకే అన్ని వైపులా మూసేసిన గాడిలో ఇరుక్కున్న రబ్బరు ముక్కను నొక్కడం చాలా కష్టం; పక్కకు ఉబ్బడానికి చోటు లేకపోతే మెత్తని రబ్బరు కూడా రాయిలా నిలబడుతుంది.

సమయం కూడా లెక్కే

హుక్ సూత్రంలో సమయం లేదు. నిజమైన పదార్థాల్లో ఉంది, రబ్బరు, ప్లాస్టిక్, స్నాయువుల్లాంటి వాటిలో మరీ ఎక్కువగా ఉంది. గొలుసులు కదలడానికి వ్యవధి కావాలి. చల్లబడితే ఆ కదలిక మందగిస్తుంది, ఇంకా చల్లబడితే ఆగిపోతుంది. సహజ రబ్బరు సుమారు మైనస్ 70 డిగ్రీల దగ్గర గాజులా పెళుసుబారిపోతుంది. అసలు ప్రమాదం మాత్రం అంత చలి దాకా ఆగదు, చాలా ముందే మొదలవుతుంది: పదార్థం చూడటానికి మెత్తగానే ఉంటుంది, నొక్కి వదిలితే మాత్రం ఆలస్యంగా లేస్తుంది.

1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక ఎగిరిన 73 సెకన్లకు ముక్కలై, అందులోని ఏడుగురూ మరణించారు. పక్క రాకెట్ భాగాల అతుకుల మధ్య రబ్బరు వలయాలు ఉండేవి. ఇంధనం మండగానే ఆ అతుకు లిప్తపాటులో కాస్త తెరుచుకుంటుంది, వలయం వెంటనే ఉబ్బి ఆ సందును మూయాలి. ఆ ఉదయం ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయికి దగ్గరలో ఉంది. విచారణ సంఘంలో సభ్యుడైన భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఫిబ్రవరి 11న అందరి ముందూ ఆ వలయపు రబ్బరు ముక్కను బిగింపులో నొక్కి, మంచునీళ్ల గ్లాసులో కాసేపు ఉంచి తీశాడు. బిగింపు వదిలినా ముక్క వెంటనే లేవలేదు. కొన్ని సెకన్లు పట్టింది. రాకెట్‌కు కావలసింది సెకనులో చిన్న భాగం. ఆ రబ్బరు బలహీనపడలేదు, తెగలేదు, చివరికి తన రూపానికి వచ్చింది కూడా. రావాల్సిన వేళకు రాలేకపోయింది, అంతే. స్థితిస్థాపకత గురించి ఇంతకన్నా బాధాకరమైన పాఠం దొరకదు.

ఈ ఆలస్యానికి మరో రూపం వేడి. రబ్బరును లాగేటప్పుడు ఖర్చయ్యే శక్తి అంతా వదిలేటప్పుడు తిరిగి రాదు. లాగేటప్పటి రేఖ, వదిలేటప్పటి రేఖ వేర్వేరు దారుల్లో నడుస్తాయి, మధ్యలో మిగిలిన వైశాల్యమే వేడిగా మారిన శక్తి. టైరు తిరిగే ప్రతి చుట్టుకూ నేలను తాకిన భాగం నలిగి లేస్తుంది, అందుకే దూరం నడిచిన టైరు వేడెక్కుతుంది, గాలి తక్కువగా ఉన్న టైరు మరీ వేడెక్కుతుంది. యంత్రాల కింద రబ్బరు దిమ్మెలు పెట్టేది మాత్రం ఈ నష్టం కోసమే. అక్కడ అదరును మింగేసేవే కావాలి, ఉక్కు స్ప్రింగు అయితే అదరును దాదాపు అలాగే తిప్పి పంపిస్తుంది.

చిన్న భారం, కోట్ల సార్లు

హద్దుకు లోపలే వాడితే లోహపు స్ప్రింగు ఎప్పటికీ పాడవదా? పందొమ్మిదో శతాబ్దం మధ్య దాకా చాలామంది ఇంజనీర్లు అలాగే అనుకున్నారు. 1842 మే 8న ఫ్రాన్స్‌లో వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలు ఇంజన్ ఇరుసు విరిగి, మంటలు లేచి, కనీసం 50 మంది చనిపోయారు. ఇరుసు మీద భారం దాని శక్తికి మించింది కాదు. ఆ తర్వాతి దశాబ్దాల్లో జర్మనీలో ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులను తిప్పి తిప్పి పరీక్షించి, ఒక్కసారి పడినప్పుడు ఏమీ చేయని ప్రతిబలం లక్షల సార్లు పడితే విరగ్గొడుతుందని తేల్చాడు. దీన్నే మెటల్ ఫాటిగ్ అంటున్నాం.

స్ప్రింగుకు ఇది ప్రాణాంతకమైన విషయం, ఎందుకంటే పదే పదే కదలడమే దాని పని. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక్కో వాల్వు స్ప్రింగు నిమిషానికి 1,500 సార్లు, గంటకు 90,000 సార్లు నలుగుతుంది. వెయ్యి గంటలకు 9 కోట్లు. పగులు దాదాపు ఎప్పుడూ పైపొరలోనే, ఒక గీత దగ్గరో తుప్పు చుక్క దగ్గరో మొదలవుతుంది. చుట్ట లోపలి అంచున ప్రతిబలం బయటి అంచు కన్నా ఎక్కువగా ఉంటుంది కాబట్టి అది చాలాసార్లు లోపలి వైపునే పుడుతుంది, అంటే కంటికి కనిపించని చోటే. దీనికి విరుగుడుగా తీగ మీద చిన్న చిన్న ఉక్కు గుండ్లను వేగంగా చల్లి పైపొరను గుచ్చి నొక్కుతారు. పైపొరలో నొక్కుడు ప్రతిబలం మిగిలి ఉంటే పగులు నోరు తెరుచుకోలేదు. ఈ ఒక్క పనితో స్ప్రింగు ఆయుష్షు ఎన్నో రెట్లు పెరుగుతుంది, అయినా స్థిరాంకంలో చెప్పుకోదగ్గ మార్పేమీ రాదు.

తగినంత చిన్న భారం అయితే ఉక్కు కోటి సార్లు దాటినా విరగదన్న ఒక కింది హద్దు కనిపిస్తుంది. మామూలు ఉక్కుల్లో అది తెగే ప్రతిబలంలో సగం దగ్గర ఉంటుంది. అల్యూమినియంకు అలాంటి స్పష్టమైన హద్దు లేదు, భారం ఎంత తగ్గించినా కదలికల సంఖ్య పెరిగేకొద్దీ అది తట్టుకునే ప్రతిబలం మెల్లగా తగ్గుతూనే పోతుంది. అందువల్ల అల్యూమినియంతో చేసిన భాగాలను భారంతో పాటు ఇన్ని సార్లు అన్న లెక్క పెట్టుకుని వాడతారు, ఆ లెక్క నిండగానే, చూపుకు ఏ లోపమూ కనిపించకపోయినా, తీసి కొత్తవి వేస్తారు.